డబ్బు మనది, పేపరు వాళ్ళది

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు నర్సీపట్నం బస్టాండు దగ్గర పేపర్లమ్మే అతన్ని "బిజినెస్ పేపరేమైనా ఉందా?" అని అడిగాను. నన్ను ఎగాదిగా చూసి, "బిజినెస్ పేపరేటి బాబూ? అన్ని పేపర్లలోనూ ఓ పేజీ ఉంటాది కదా, సూసుకో" అన్నాడు. ఇంగ్లీషుది కావాలంటే వైజాగ్‌లో దొరుకుతుందిట. తెలుగులో అలాంటి పేపరొకటి ఉండొచ్చనే ఆలోచనే అతనికి రాలేదు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు దాకా నాకూ రాలేదు.

ఇంతకీ ఎందుకడిగానంటే, మావయ్య వల్ల.

మావయ్యకి చింతపల్లి రోడ్డులో కిరాణా కొట్టుంది. ఈమధ్యే జీడిమామిడి తోట అమ్మాడు. డబ్బు చేతిలో ఉంది. ఇలాంటప్పుడు ఈ సంగతి ఎలా తెలుస్తుందో గానీ, ఎవరో ఒకరు గుమ్మంలోకి దిగుతారు. ఈసారి దిగింది ఒక కంపెనీ ఏజెంటు (కంపెనీ పేరు చెప్పను, అనవసరం). నెలకి నూటికి మూడు రూపాయలట, మూడేళ్ళ తర్వాత అసలు వాపసట, కాదంటే స్థలం రాసిస్తారట. మావయ్య రంగురంగుల కాగితం నా ముందు పెట్టి, "నువ్వు సాఫ్ట్‌వేరు కదా అల్లుడూ, ఈ కంపెనీ మంచిదో కాదో ఓసారి సూసి సెప్పు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే లోపల్నించి ఒక పేపర్ కటింగ్ తెచ్చాడు. జిల్లా పేజీ. "ఘనంగా ఏజెంట్ల సమావేశం" అని హెడ్డింగు, శాలువాలు కప్పుకున్న నలుగురి ఫోటో. "పేపర్లో కూడా పడింది మరి" అన్నాడు.

ఆ కటింగే నన్ను పట్టుకుంది.

ఫోన్లో వెతకడానికి నాకు ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. డిపాజిట్లు తీసుకునే అనుమతి ఉన్నవాళ్ళ వివరాలు రిజర్వు బ్యాంకు సచేత్ పోర్టల్లో ఉంటాయి, ఈ కంపెనీ అందులో లేదు. సెబీ దగ్గరా లేదు. కంపెనీల రిజిస్ట్రారు దగ్గర మాత్రం లక్ష రూపాయల మూలధనంతో ఒక ప్రైవేటు లిమిటెడ్‌గా ఉంది. లక్ష! మావయ్య కొట్లో సరుకే అంతకి కొన్ని రెట్లుంటుంది. ఇదంతా నేను తెలుగులో చెప్తే ఆయనకి నిమిషంలో అర్థమైపోయింది. ముప్ఫై ఏళ్ళుగా అప్పు పద్దు రాసుకుంటున్న మనిషికి బ్యాలెన్స్ షీటు అర్థం కాదనుకోవడం మన పొగరు. ఆయనకి లేనిది తెలివి కాదు, ఆ నాలుగు ముక్కలూ ఆయన భాషలో ఆయన గుమ్మంలోకి తెచ్చే పేపరు.

సరే, ఇహ అసలు విషయానికొస్తాను. ఫైనాన్షియల్ పేపర్లంటే మన ఐటీ జనాలకి భలే గౌరవం. క్యాంటీన్లో అది మడతపెట్టి చంకలో పెట్టుకుంటే మేనేజరు కళ వస్తుందని కాబోలు. నేనూ అలా పెట్టుకున్నవాణ్ణే. కానీ ఆ పేపరు ఎవరికోసం, ఎవరి డబ్బుతో, ఎవరి మీద పనిచేస్తోందన్న ప్రశ్న మనం ఎప్పుడూ అడగం. నా మటుకు నాకు సమాధానం దొరికింది. ఎవరి డబ్బు మునుగుతుందో వాళ్ళు చదవలేని ఆర్థిక పత్రిక, డబ్బు అడిగేవాళ్ళ కరపత్రంతో సమానం. కోపమొచ్చిందా? కాస్త ఆగండి.

మన ఇంట్లో విషయంతోనే మొదలెడదాం. సత్యం. 2009 జనవరి 7. నాకప్పుడు పన్నెండేళ్ళు కూడా లేవు. పొద్దుపోయాక కూడా వీధరుగు మీద పెద్దవాళ్ళంతా ఒకే పేపరు చుట్టూ మూగి ఉండటం మాత్రం గుర్తుంది. రామలింగరాజు ఉత్తరంలో ఏముందో మీకు తెలిసే ఉంటుంది, అయినా అంకెలు ఇంకోసారి చూడండి. 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కల్లో బ్యాంకుల్లో ఉన్నాయన్న 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవు. ఆ త్రైమాసికం ఆదాయం 2,700 కోట్లని చూపించారు, అసలు వచ్చింది 2,112 కోట్లు. లాభం 649 కోట్లన్నారు, నిజానికి 61 కోట్లు. అంటే 24 శాతం మార్జినని ఊరంతా చాటింది కాస్తా 3 శాతం అన్నమాట. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40కి దిగింది. కంపెనీలో అప్పటికి 50 వేల మందికి పైగా ఉద్యోగులు.

ఇప్పుడు చెప్పండి, ఈ వార్తని బయటపెట్టిన పేపరేది?

ఏదీ కాదు. చేసినాయనే స్వయంగా ఉత్తరం రాసి స్టాక్ ఎక్స్‌చేంజీకి పంపాడు. అంతకు మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 16న, కొడుకుల కంపెనీలు మేటాస్ రెండింటినీ 160 కోట్ల డాలర్లకి సత్యం చేత కొనిపిస్తానంటే అడ్డుకున్నదీ పేపర్లు కావు, విదేశీ మదుపరులు. న్యూయార్కులో షేరు సగానికి పైగా పడిపోయేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గాడు. అప్పటిదాకా ఏం జరిగింది? ఇంటర్వ్యూలు. కవర్ ఫోటోలు. ప్రతి మూణ్ణెల్లకీ "అంచనాలను మించిన సత్యం" అన్న తరహా హెడ్డింగులు. 2007లో ఉత్తమ పారిశ్రామికవేత్త అవార్డు. 2008 సెప్టెంబరులో, అంటే ఉత్తరానికి నాలుగు నెలల ముందు, కార్పొరేట్ గవర్నెన్సులో గోల్డెన్ పీకాక్! (తర్వాత వెనక్కి తీసుకున్నారు లెండి.) ఆడిటర్లు చూడలేదు, ఇండిపెండెంట్ డైరెక్టర్లు చూడలేదు, పేపర్లు మాత్రం ఎలా చూస్తాయంటారా? మరి పేపరెందుకండీ? కంపెనీ రాసిచ్చిన కోడుని కంపెనీయే టెస్ట్ చేసి "అన్నీ పాస్" అంటే, ఆ రిపోర్టుని అందంగా అచ్చేసి పంచడానికా?

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఉత్తరం బయటికొచ్చాక మన బిజినెస్ పేపర్లు చాలా బాగా రాశాయి. ఎవరు ఎవరికి బినామీ, ఏ భూములు ఎక్కడ తనఖా పెట్టారు, అన్నీ తవ్వాయి. శవపరీక్ష మనకి బాగా వచ్చు. జ్వరం ఉన్నప్పుడు నాడి పట్టుకోవడమే రాదు.

"అలాంటి మోసాన్ని ముందే పట్టుకోవడం అసాధ్యం" అనేవాళ్ళు జర్మనీ వైర్‌కార్డ్ కథ చదవాలి. అచ్చం సత్యం తమ్ముడు. అక్కడా బ్యాంకుల్లో ఉందన్న డబ్బు లేదు, 190 కోట్ల యూరోలు. అక్కడా పేరున్న ఆడిటరే. తేడా ఒక్కటే. లండన్‌లో ఫైనాన్షియల్ టైమ్స్ 2015 నుంచే ఆ లెక్కల మీద అనుమానాలు రాస్తూ వచ్చింది. 2019లో సింగపూర్ ఆఫీసులో దొంగ లెక్కల సంగతి బయటపెట్టింది. దానికి జర్మనీ నియంత్రణ సంస్థ ఏం చేసిందో తెలుసా? కంపెనీ షేర్లని షార్ట్ చేయకుండా రెండు నెలలు నిషేధం పెట్టి, రాసిన విలేఖరుల మీదే క్రిమినల్ ఫిర్యాదు ఇచ్చింది! పేపరు వెనక్కి తగ్గలేదు. 2020 జూన్‌లో ఫిలిప్పీన్స్ బ్యాంకులు "మా దగ్గర ఆ డబ్బు లేదు" అనేశాయి, వారం తిరక్కుండానే వైర్‌కార్డ్ దివాలా తీసింది.

ఇంకోటి కూడా చెప్తాను, ఇది నాకు మరీ ఇష్టం. అమెరికాలో థెరనోస్ అనే రక్తపరీక్షల కంపెనీ బండారం 2015లో వాల్‌స్ట్రీట్ జర్నల్ బయటపెట్టింది. ఆ పేపరు యజమాని రూపర్ట్ మర్డాక్ అదే కంపెనీలో పన్నెండున్నర కోట్ల డాలర్లు పెట్టి ఉన్నాడు. ఆ వార్త ఆపమని కంపెనీ పెద్దావిడ వెళ్ళి అడిగితే, ఎడిటర్ల పనిలో తను వేలు పెట్టనన్నాడు. మర్డాక్ పెద్దమనిషని నేననను. కానీ సొంత యజమాని డబ్బు మునిగే వార్తని అచ్చేయగలిగిన పేపరు ఉందంటే, అసాధ్యం అనే మాట ఇక చెల్లదు.

మరి మన దగ్గర? 2005 ప్రాంతంలో టైమ్స్ గ్రూపు "ప్రైవేట్ ట్రీటీస్" అని ఒక వ్యాపారం కనిపెట్టింది. కంపెనీకి ప్రకటనలకి చోటిస్తారు, బదులుగా కంపెనీ షేర్లు తీసుకుంటారు. అంటే ఏ కంపెనీ గురించి మీకు నిజం చెప్పాలో ఆ కంపెనీలోనే పేపరు యజమానులకి వాటా! షేరు పెరిగితే పేపరుకి లాభం. ఇది నా ఊహ కాదు. సెబీయే 2009లో ప్రెస్ కౌన్సిల్‌కి ఉత్తరం రాసి, 2010 ఆగస్టులో అలాంటి వాటాలుంటే వార్త పక్కనే వెల్లడించాలని చెప్పింది. మనలో ఎంతమంది ఆ వెల్లడింపు వాక్యం కోసం ఎప్పుడైనా వెతికాం? నేను వెతకలేదు. మడతపెట్టి చంకలో పెట్టుకున్నాను, అంతే.

ఇంగ్లీషు వాళ్ళ సంగతి అది. తెలుగు వైపు చూస్తే వేరే జబ్బు. మన పేపర్లకి దమ్ము లేదనను. 1992లో దూబగుంట నుంచి మొదలైన సారా ఉద్యమాన్ని ఊరూరా మోసింది తెలుగు పేపర్లే. జిల్లా పేజీలు వచ్చాక ఏ మండలంలో ఏ బోరు పాడైందో కూడా తెలుస్తోంది. కానీ అదే పేపరు బిజినెస్ పేజీకొచ్చేసరికి నోటికి తాళం పడుతుంది. కొత్త షోరూం, కొత్త మోడల్ ఫోను, ఎండీ గారి ఫోటో, "త్వరలో వంద కోట్ల విస్తరణ". కింద సెన్సెక్స్, బంగారం ధర. పోలీసుని, ఎమ్మెల్యేని, కలెక్టరుని నిలదీసే విలేఖరికి కంపెనీ ఎదురైతే ఒక్క ప్రశ్న కూడా ఎందుకు రాదో నాకర్థం కాదు. (అర్థమౌతుంది లెండి. ఫుల్ పేజీ ప్రకటన ఎవరిస్తున్నారో చూస్తే చాలు.)

ఈ రెండు జబ్బులూ కలిస్తే ఏమౌతుందో 2010లో చూశాం. హైదరాబాదు నుంచి నడిచే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ ఆ ఏడు ఆగస్టులో షేర్ మార్కెట్‌కి వచ్చింది. షేరు 985 రూపాయలు, 13 రెట్లకు పైగా అప్లికేషన్లు. బిజినెస్ పేపర్లలో పండగే పండగ, పేదరికానికి పెట్టుబడిదారీ మందు దొరికిందని. అవే నెలల్లో మన తెలుగు జిల్లా పేజీల్లో, వారం వారం కిస్తీల వసూలు కోసం ఇంటి ముందు కూర్చుంటున్నారని, అవమానం భరించలేక ఆడవాళ్ళు ఆత్మహత్యలు చేసుకుంటున్నారని వార్తలు. అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్ళు కుప్పకూలాయి, షేరు కూడా. మదుపరులు ఆశ్చర్యపోయారు! ఎందుకు ఆశ్చర్యపోవాలండీ? ఆ కంపెనీ రిస్కు అంతా తెలుగులో అచ్చవుతూనే ఉంది. షేరు కొన్నవాడు తెలుగు జిల్లా పేజీ చదవడు. అప్పు తీసుకున్న ఆవిడకి ఆ కంపెనీ లాభమెంతో, తన వడ్డీలో ఎంత ఎవరికి పోతోందో ఇంగ్లీషు పేపర్లో ఉందని తెలియదు. ఒకే కంపెనీ గురించి రెండు పేపర్లు, రెండు లోకాలు. ఆ రెండిటినీ ఒకచోట కూర్చి చదివే పేపరు ఉండి ఉంటే ఇద్దరిలో ఒక్కరైనా బాగుపడేవారు.

అగ్రిగోల్డ్ ఇంకా ఘోరం. ఈడీ చెప్పిన లెక్కే సుమారు 32 లక్షల ఖాతాలు, 6,380 కోట్లు. సెబీ ఇది రిజిస్టర్ కాని పథకమని, ఆపి డబ్బు తిరిగివ్వమని ఆదేశించాకే, వందకి పైగా కంపెనీలు పెట్టి మళ్ళీ వసూలు చేశారన్నది ఈడీ ఆరోపణ. అంటే సెబీ ఆదేశం ముందే ఉంది! ఇంగ్లీషులో, ఫైల్లో, భద్రంగా. జనం దగ్గర డబ్బు పోగేసి లాభం పంచుతామనే ఏ పథకానికైనా సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలన్న నిబంధన 1999 నుంచే ఉంది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, "మీకు రిజిస్ట్రేషన్ ఉందా?" అని. ఆ ప్రశ్న మొదటి పేజీలో తెలుగులో ఒక వారం వరసగా పడి ఉంటే, రోజు కూలీలో యాభయ్యో వందో తీసి ఏజెంటు చేతిలో పెట్టిన మనుషుల్లో ఎంతమంది ఆగేవారో. 2015లో సీఐడీ చేతిలోకొచ్చాక మాత్రం పేజీలకి పేజీలు. 2019 నవంబరులో పదివేల లోపు వాళ్ళకి, 2021 ఆగస్టులో ఇరవైవేల లోపు వాళ్ళకి ప్రభుత్వం చెల్లించింది. ఎవరి డబ్బది? మీదీ నాదీ, పన్ను కట్టినవాళ్ళందరిదీ. ఎవడో మింగితే జనమంతా కక్కాల్సి వచ్చింది.

మోసాల మాటే కాదు, మామూలు రోజుల్లోనూ ఇంతే. చెరుకు ఎఫ్‌ఆర్‌పీ 2025-26 సీజనుకి క్వింటాకి 355 రూపాయలన్నారు. అలాంటి వార్త బిజినెస్ పేపర్లో ఎలా వస్తుందో ఎప్పుడైనా గమనించండి: చక్కెర మిల్లులకి పెరిగే ఖర్చు, ఏ షేర్లు పడతాయి. పండించేవాడు ఆ కథలో ఒక ఖర్చు పద్దు మాత్రమే. మా ఊరి నుంచి ఘాటెక్కితే చింతపల్లి, కాఫీ తోటలు. 2025 ఫిబ్రవరిలో న్యూయార్కులో అరబికా ధర పౌనుకి నాలుగు డాలర్లు దాటి రికార్డు కొట్టింది. బ్రెజిల్‌లో కరువు పుణ్యం. ఆ అంకె బెంగుళూరులో కూర్చున్న నాకు తెలుసు, నేను కాఫీ తాగుతాను తప్ప పండించను. కొండ మీద గింజలు ఎండబెట్టుకున్న గిరిజన రైతు ఇంటికి దళారీ వచ్చినప్పుడు, జీసీసీ రేటుతో పాటు ఆ న్యూయార్కు అంకె కూడా కిలోకి రూపాయల్లో లెక్కగట్టి ఉన్న కాగితం చేతిలో ఉంటే బేరం వేరేగా ఉండేది.

"తెలుగులో బిజినెస్ పేపరు పెడితే ఎవడు చదువుతాడు బాస్, ప్రకటనలెవడిస్తాడు?" అని నా రూమ్మేటే అన్నాడు. గుజరాతీలో వ్యాపార పత్రికలు ఎప్పట్నించో నడుస్తున్నాయి. గుజరాతీ, హిందీ ఎడిషన్లు 2007, 2008లో ఎకనమిక్ టైమ్స్ వాళ్ళే తెచ్చారు. తెలుగువాళ్ళ దగ్గర డబ్బు లేదా? చిట్లు మనవే, రియల్ ఎస్టేటు మనదే, అమెరికా నుంచి వచ్చే డాలర్లు మనవే, ఊరికో బంగారం తాకట్టు కొట్టు. డబ్బు గురించి పొద్దస్తమానం మాట్లాడుకునే జాతికి డబ్బు గురించి పేపరు అక్కర్లేదా! ఇహ ప్రకటనల మాటంటారా, అసలు రోగమే అక్కడుంది. ప్రకటన మీద బతికే పేపరు మావయ్య పక్షాన మాట్లాడలేదు. చదివేవాడే పూర్తి ధర పెట్టి కొనాలి. ఫైనాన్షియల్ టైమ్స్ నిలబడింది ప్రధానంగా చందాల మీద. మనం? పేపరుకి రోజుకి పది రూపాయలు పెట్టాలంటే ఏడుస్తాం, పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో ఫ్రీగా రావాలి. రెండొందల కాఫీకి మాత్రం నోరెత్తం.

మనమే తెలివైనవాళ్ళమని అనుకోకండి. మావయ్య ఏజెంటుని నమ్మితే మనం యాప్‌ని నమ్ముతున్నాం. 2024 సెప్టెంబరులో సెబీ లెక్క తేల్చింది: మూడు ఆర్థిక సంవత్సరాల్లో, 2022 నుంచి 2024 దాకా, ఎఫ్ అండ్ ఓలో దిగిన మామూలు ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైనే. మా ఫ్లోర్లో స్టాండప్ మీటింగు నడుస్తుండగా టేబుల్ కింద ఫోన్లో ఆప్షన్లు కొనేవాళ్ళు నలుగురు నాకు తెలుసు, నలుగురూ ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళే, బిజినెస్ వార్తల యాప్ నోటిఫికేషన్లు పెట్టుకున్నవాళ్ళే. సెబీ నివేదిక వచ్చిన రోజు ఆ వార్త వాళ్ళూ చూశారు. దాని కిందే ట్రేడింగ్ యాప్ ప్రకటన ఉంది.

మావయ్య చివరికి ఆ కంపెనీలో పెట్టలేదు. పోస్టాఫీసులో వేశాడు, వడ్డీ తక్కువని ఇప్పటికీ సణుగుతూనే ఉన్నాడు. ఆయన స్నేహితుడొకాయన మాత్రం పెట్టాడట, రెండు నెలలుగా వడ్డీ టంచనుగా వస్తోందిట. "నువ్వు అనవసరంగా బెదరగొట్టేసేవేమో అల్లుడూ" అంటున్నాడు ఫోన్లో. నా దగ్గర సమాధానం ఉంది గానీ, ఫోన్లో ఎన్నని చెప్పను. తెలుగులో అలాంటి పేపరు ఎవరైనా మొదలుపెడితే రెండు చందాలు నావి. నాదొకటి, రెండోది చింతపల్లి రోడ్డులో కిరాణా కొట్టు అడ్రసుకి.